మావయ్యగారు గీజరు విప్పుతానంటున్నారు, వద్దని ఎలా చెప్పాలి?

ఈ ఉత్తరం కోనసీమ నుంచి వచ్చింది, పేరు రాయొద్దన్నారు. భర్త కువైట్‌లో ఉంటారు, ఇంట్లో అత్తయ్యగారు, మావయ్యగారు, ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, ఈవిడ. మావయ్యగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఫ్యాన్ దగ్గర్నుంచి బోరు మోటారు దాకా ఏది పాడైనా ఆయనే విప్పి ఆయనే బిగిస్తారు, వీధిలో వాళ్లు కూడా ఆయన దగ్గరికే తెస్తారట. ఆమధ్య వీళ్ల గ్యాస్ పొయ్యికి ఒక నాబ్ బిగుసుకుపోయింది. టౌన్ నుంచి వచ్చిన మెకానిక్ 800 రూపాయలు తీసుకుని ఏదో చేసి వెళ్లాడు, వారం తిరక్కుండా మళ్లీ అలాగే అయింది. దాంతో మావయ్యగారికి కోపం వచ్చి తనే పొయ్యి విప్పి, స్కూటర్ కోసం ఇంట్లో ఉంచిన గ్రీజు పెట్టి బిగించారు. ఇప్పుడు నాబ్ సాఫీగా తిరుగుతోంది. కానీ అప్పట్నుంచి పొద్దున్నే వంటింట్లో తడిగుడ్డ పెట్టడానికి వంగినప్పుడు ఈవిడకి గ్యాస్ వాసన తెలుస్తోంది, లేచి నిలబడితే తెలియట్లేదు, కొత్త బండ పెట్టాక కూడా అంతేనట. అత్తయ్యగారేమో "నాకేం రావట్లేదే" అంటున్నారు.

ఇది కాక బాత్రూమ్‌లో గ్యాస్ గీజరు ఉంది. కుళాయి తిప్పగానే వెలగట్లేదు, కాసేపు టిక్ టిక్ మని ఒక్కసారిగా భప్పుమని అంటుకుంటోంది, దాని పైన టైల్స్ మీద నల్లటి చార పడింది. వచ్చే ఆదివారం దాన్ని కూడా కిందికి దించి విప్పుతానన్నారట మావయ్యగారు. "మెకానిక్‌ని పిలుద్దామండీ" అన్నందుకు ఆయన ఆ రాత్రి భోజనానికి రాలేదు. కువైట్ నుంచి భర్త ఫోన్‌లో "నాన్న చేతిలో పడితే బాగవుతుంది, నువ్వు మధ్యలో మాట్లాడి చిన్నబుచ్చకు, నీకు నగరం పేలుడు అయినప్పట్నుంచీ గ్యాస్ అంటేనే భయం" అన్నారు. 2014 జూన్‌లో మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు కదా, ఈవిడ పుట్టిల్లు ఆ దగ్గర్లోనేనట. నా భయం ఉత్తి భయమేనా, పని తెలిసిన మనిషి ఇంట్లో ఇలాంటివి చేసుకోవచ్చా, వద్దంటే ఆయనకి ఎలా చెప్పాలి అని అడిగారు. ఉత్తరం చివర్లో ఇంకో మాట: "పాప ఈమధ్య తలంటు పోసుకున్న ఆదివారాలు తలనొప్పి, కళ్లు తిరుగుతున్నాయి అంటోంది, చలిగాలి పడట్లేదనుకుంటా."

అమ్మా, మీరు అడిగిన వరసలో కాకుండా ఆ చివరి మాట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. ఇది చదవగానే ముందు ఆ గీజరు వాడకం ఆపేయండి. దానికెళ్లే గ్యాస్ కట్టేయండి, ఎవరు విప్పాలి ఎవరు విప్పకూడదు అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. తలుపులు మూసిన చిన్న బాత్రూమ్‌లో గ్యాస్ గీజరు మండుతుంటే, అది చిన్న మంట కాదు, పొయ్యి మీద నాలుగైదు బర్నర్లు ఒకేసారి పెద్దగా వెలిగించినంత గ్యాస్ తాగుతుంది, ఆ గదిలో ఉన్న గాలంతా వాడేసుకుంటుంది. గాలి చాలనప్పుడు గ్యాస్ పూర్తిగా మండదు, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గ్యాస్ బండలో ఉండేదానికి కావాలని వాసన కలుపుతారు, దీనికి మాత్రం వాసన లేదు, రంగు లేదు, గొంతులో మంట కూడా పెట్టదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోట ఇది వెళ్లి కూర్చుంటుంది, ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, జ్వరం లేకుండా ఫ్లూ వచ్చినట్టు ఉంటుంది, బయటికొచ్చి గాలి తగిలితే కాసేపటికి తగ్గిపోతుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు, అందుకే మీరూ చలిగాలి అనుకున్నారు. కొంచెం ఎక్కువసేపు లోపలుంటే స్పృహ తప్పుతుంది, గడియ తీసే ఓపిక కూడా ఉండదు.

పాప తలంటు పోసుకునే రోజంటే మామూలు కంటే ఎక్కువసేపు వేడినీళ్లు పోతాయి, తలుపు వేసే ఉంటుంది, వెంటిలేటర్ కూడా మూసే ఉంటారు. మామూలు రోజు రాని తలనొప్పి ఆ రోజే రావడం, టైల్స్ మీద నల్ల చార, ఆలస్యంగా భప్పుమని అంటుకోవడం, ఈ మూడూ కలిపి చూస్తే గీజరు సరిగ్గా మండట్లేదనే అర్థం. ఆ నల్ల చార మసి, పూర్తిగా మండని గ్యాస్ వదిలిన గుర్తు. పాపని ఒకసారి డాక్టరుకి చూపించండి, చూపించేటప్పుడు "మా బాత్రూమ్‌లో గ్యాస్ గీజరు ఉందండీ" అని మీరే చెప్పండి, చెప్పకపోతే డాక్టరుకి ఆ ఆలోచన రాకపోవచ్చు. కరోనాప్పుడు కొన్న వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఇంట్లో ఉంటే దాంట్లో 98 చూపించింది కదా అని మాత్రం ఊరుకోవద్దు, అది ఆక్సిజన్‌కీ కార్బన్ మోనాక్సైడ్‌కీ తేడా పట్టలేదు, మనిషికి లోపల బాలేకపోయినా అంకె బాగానే చూపిస్తుంది. దీనికి రక్తపరీక్ష వేరే ఉంది. ఎప్పుడైనా లోపలున్న వాళ్లు పిలిస్తే పలక్కపోతే ఆలోచించకుండా తలుపు పగలగొట్టండి, గ్యాస్ కట్టేసి మనిషిని బయటికి లాగి 108కి ఫోన్ చేయండి, మీరు మాత్రం ఆ గదిలో నిలబడిపోవద్దు.

ఇక వాసన సంగతి. మీ ముక్కు కరెక్టే. మన ఇళ్లల్లో వచ్చే ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, నేలనంటుకుని పరుచుకుంటుంది, అందుకే మీరు వంగినప్పుడు తెలిసింది, నిలబడితే తెలియలేదు. అత్తయ్యగారు అబద్ధం ఆడట్లేదు, వయసు పెరిగేకొద్దీ వాసన పట్టే శక్తి తగ్గుతుంది, పైగా ఒకే వాసనలో కాసేపు ఉంటే ఎవరి ముక్కైనా దానికి అలవాటుపడిపోతుంది. రాత్రి కిటికీలు మూసేసి పడుకుంటాం కాబట్టి పొద్దున్నే ఎక్కువ తెలుస్తుంది. బండ అయిపోవచ్చినప్పుడు వాసన మామూలు కంటే ఘాటుగా రావడం ఉంటుంది, కానీ మీది నాబ్ విప్పిన రోజు నుంచీ మొదలైంది, కొత్త బండ పెట్టాక కూడా పోలేదన్నారు, కాబట్టి ఆ ఖాతాలో వేయడానికి లేదు.

ఈ రోజు నుంచే వంట అవ్వగానే రెగ్యులేటర్ ఆపేయండి, రాత్రి పడుకునేముందు ఇంకోసారి చూసుకోండి. పొయ్యి నాబ్ ఆపాం కదా అని రెగ్యులేటర్ వదిలేసే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది, లీకు ఆ నాబ్ దగ్గరే ఉంటే రాత్రంతా కారుతూనే ఉంటుంది. రిపేరు అయ్యేదాకా ఇండక్షన్ పొయ్యి మీదో, పక్కింటివాళ్ల సాయంతోనో లాగించగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే నాబ్ అడుగున కారే గ్యాస్‌కి పైన బర్నర్ మంట అంటుకుంటే నాబ్ దగ్గరే మంట లేస్తుంది. పొద్దున్నే వాసన గట్టిగా కొడితే లైటు వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆపొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అసలు ముట్టుకోవద్దు, స్విచ్ దగ్గర వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. తలుపులు కిటికీలు తీసి, రెగ్యులేటర్ ఆపి తీసేసి, బండకి దారంతో వేలాడే తెల్ల మూత ఉంటుంది కదా అది బిగించి, పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి అప్పుడు 1906కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకుల కోసం 24 గంటలూ పనిచేసే నంబరు అది, ఏ కంపెనీ బండైనా అదే నంబరు.

ఇప్పుడు అసలు ప్రశ్న, మావయ్యగారు చేయొచ్చా చేయకూడదా. ఆయనకి పని రాదని నేను అనను. అన్నేళ్లు బస్సు ఇంజన్లు విప్పి బిగించిన మనిషికి స్పానర్ పట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు, డబ్బులు తీసుకుని పోయిన మెకానిక్ కంటే ఆయన చేతులే నయం అనిపించడంలో తప్పేం లేదు, ఆయన కోపం కూడా న్యాయమైనదే. కాకపోతే ఇంజన్‌లో ఆయిల్ లీకైతే కింద చుక్క పడుతుంది, మర్నాడు పొద్దున్నే చూసి మళ్లీ బిగిస్తారు. గ్యాస్‌కి అలా చుక్క పడదు. పని బాగా చేశామా లేదా అని తేల్చే పరీక్ష ఇంట్లో పూర్తిగా చేయలేం, అక్కడ తేడా అంతా.

ఆ నాబ్ వెనకాల ఏముంటుందో చెప్తాను, మావయ్యగారికి చదివి వినిపించినా పర్లేదు, ఆయనకి వెంటనే అర్థమవుతుంది. నాబ్ లాగేస్తే లోపల ఇత్తడి కాక్, అంటే గ్యాస్‌ని తెరిచి మూసే కుళాయి ఉంటుంది, దాంట్లో కోసుగా ఉన్న చిన్న ఇత్తడి ముక్క తిరుగుతుంటుంది, ఆ రెండు లోహాల మధ్యలో రబ్బరు ఏమీ ఉండదు, పల్చటి గ్రీజు పొర ఒక్కటే. తిరగడానికి సాయం చేసేదీ అదే, గ్యాస్ పక్కనుంచి బయటికి రాకుండా అడ్డుకునేదీ అదే. దానికి వేడిని, గ్యాస్‌నీ తట్టుకునే గ్రీజు వేరే ఉంటుంది. స్కూటర్‌కి వేసే గ్రీజు బేరింగుల కోసం చేసింది, ఎల్పీజీ నూనెల్ని, గ్రీజుల్ని కరిగించేస్తుంది, పైన మంట వేడికి మిగిలింది జారిపోతుంది. కొత్తలో నాబ్ సాఫీగానే తిరుగుతుంది, పొర పల్చబడేకొద్దీ గ్యాస్‌కి దారి దొరుకుతుంది. కొబ్బరినూనె వేసేవాళ్లు, గరుకు కాగితంతో రుద్దేవాళ్లు కూడా ఉన్నారు, రుద్దితే గీతలు పడి ఆ కాక్ ఇక ఏ గ్రీజు వేసినా ఆగదు. కాబట్టి ఆయన చేతి పనిలో లోపం లేదు, వాడిన సామాను దానికి సరిపడేది కాదు. ఈ మాట ఇలాగే అనండి, అది నిజం కూడా.

నేనైతే గీత ఇక్కడ గీస్తాను: గ్యాస్‌ని లోపల ఆపి ఉంచే భాగం ఏదైనా ఇంట్లో విప్పకూడదు. పొయ్యి కాక్, జెట్, రెగ్యులేటర్, గీజరు లోపలి వాల్వు, ఇవన్నీ ఆ లెక్కలోవి. జెట్ అంటే బర్నర్‌కి గ్యాస్ వదిలే సన్న బొక్క ఉన్న ముక్క, అది మూసుకుందని పిన్నీసుతో పొడుస్తారు చాలామంది, బొక్క రవ్వంత పెద్దదైనా మంట పసుపు రంగులో లేస్తుంది, గిన్నెల అడుగు నల్లబడుతుంది, అదే బర్నర్ నుంచి ఇందాక చెప్పిన విషవాయువు కూడా వస్తుంది. గ్యాస్ ఆపేశాక బయటున్నవి మాత్రం హాయిగా చేసుకోవచ్చు. బర్నర్ మూతలు తీసి వేడినీళ్లలో నానబెట్టి బ్రష్‌తో రుద్ది పూర్తిగా ఆరబెట్టి పెట్టడం, గీజరులో రెండు లావుపాటి బ్యాటరీలు మార్చడం, గీజరుకి నీళ్లొచ్చే చోట ఉండే జల్లెడ కడగడం, ఇవన్నీ మావయ్యగారికి అప్పగించండి. బండ నుంచి పొయ్యికి వచ్చే నారింజ రంగు పైపు మీద తేదీ అచ్చు వేసి ఉంటుంది, దాని ఆయుష్షు 5 ఏళ్లు, దాటితే ఏజెన్సీలో కొత్తది తీసుకుని మార్చుకోవాలి, దాని మీద గుడ్డ చుట్టడం, స్టిక్కర్లు అంటించడం వద్దు, పగుళ్లు కనపడవు.

సబ్బు నీళ్ల పరీక్ష కూడా ఆయనతోనే చేయించండి, నిజానికి ఈ పనికి ఆయనే సరైన మనిషి. వాసన లేని టైములో, కిటికీలన్నీ తీసి, దీపం అగరొత్తి ఏదీ లేకుండా చూసి, నాబ్‌లన్నీ ఆపి రెగ్యులేటర్ మాత్రం ఆన్ చేసి, నురగ వచ్చేలా కలిపిన సబ్బు నీళ్లు బ్రష్‌తో రాయాలి. బండ మూతి దగ్గర రెగ్యులేటర్ కూర్చునే చోట, పైపు రెండు చివర్లా, పైపు పొడుగునా, నాబ్ లాగేసి దాని కాడ చుట్టూ. ఎక్కడ బుడగ ఊరితే అక్కడ లీకు. అగ్గిపుల్లతో మాత్రం ఎవరూ వెతక్కూడదు. బుడగ బండ మూతి దగ్గరైతే అందులో ఉండే రబ్బరు వాచర్ పాడైనట్టు, రెగ్యులేటర్ తీసేసి మూత పెట్టి ఏజెన్సీకి చెప్తే మార్చి వెళ్తారు. నాబ్ కాడ దగ్గరైతే కాక్ మార్చాలి. బుడగలు చూశాక ఆయనకి ఇంకెవరూ ఏమీ చెప్పాల్సిన పని ఉండదు, కంటితో చూసినదాన్ని మెకానిక్ కాదనడు.

ఇప్పుడు మీ ముందు ఏమేం దారులున్నాయంటే. ఏమీ మాట్లాడకుండా ఆదివారం దాకా ఊరుకోవడం ఒకటి, ఇంట్లో గొడవ ఉండదు, కానీ ఆ గీజరు లోపల నీళ్ల ఒత్తిడికి కదిలే రబ్బరు పొర, దాంతో పాటు తెరుచుకునే గ్యాస్ వాల్వు, స్పార్క్ ఇచ్చే స్విచ్చు ఒకదాన్ని చూసి ఒకటి పనిచేస్తాయి, తిరిగి బిగించాక వేడినీళ్లు రావచ్చు, వాల్వు మాత్రం పూర్తిగా మూసుకుంటోందో లేదో తెలీదు, మసి పట్టిన రాగి రేకులు అలాగే ఉంటే విషవాయువు అలాగే వస్తుంది. అంటే పాప మళ్లీ అదే బాత్రూమ్‌లోకి వెళ్తుంది. ఈ దారి నేను వద్దంటాను.

సరైన గ్రీజు తెప్పించి మావయ్యగారితోనే పొయ్యి మళ్లీ చేయించడం రెండోది. ఖర్చు తక్కువ, ఆయన మనసూ నొచ్చుకోదు. కానీ కాక్ లోపల అరిగిపోయి ఉంటే ఎంత మంచి గ్రీజైనా కొన్నాళ్లే, గ్రీజు ఎక్కువైతే గ్యాస్ వెళ్లే బొక్కే మూసుకుపోతుంది. పైగా ఎల్పీజీ ప్రమాదాలకి ఆయిల్ కంపెనీలు తీసుకున్న ఇన్సూరెన్స్ ఒకటుంటుంది, మనం విడిగా కట్టేదేం లేదు, ప్రాణం పోతే మనిషికి 6 లక్షల దాకా, రిజిస్టరైన ఇంట్లో ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా ఇస్తారు, కానీ ఇంట్లో విప్పి బిగించిన పొయ్యి అని తేలితే వాళ్లడిగే ప్రశ్నలకి మన దగ్గర జవాబు ఉండదు. ఈ సందర్భంలోనే కనెక్షన్ ఎవరి పేరున, ఏ అడ్రస్‌లో ఉందో కూడా ఒకసారి పుస్తకం తీసి చూసుకోండి.

మూడోది, ఏజెన్సీకి చెప్పి వాళ్ల మెకానిక్‌ని పిలిపించడం, మావయ్యగారిని పక్కన నిలబెట్టడం. 5 ఏళ్లకోసారి ఇంటికొచ్చి పొయ్యి, పైపు, రెగ్యులేటర్ తనిఖీ చేయాల్సిన బాధ్యత వాళ్లకి ఎలాగూ ఉంది, చివరిసారి ఎప్పుడు జరిగిందో అడగండి. వచ్చినతని గుర్తింపు కార్డు చూడండి, కాక్‌కి గ్రీజు వేస్తాడా, కాక్ మారుస్తాడా అని ముందే అడగండి, పని అయ్యాక సబ్బు నీళ్లతో పరీక్ష మన ముందే చేసి చూపించాకే డబ్బులు ఇవ్వండి. కిందటిసారి మీరు మోసపోయింది ఈ పరీక్ష లేకే, ఈసారి మావయ్యగారు పక్కనుంటే ఎవరూ ఏదో తిప్పి చూపించి పోలేరు. పొయ్యి బాగా పాతదైతే రిపేరు మానేసి ఐఎస్ఐ గుర్తున్న కొత్తది కొనడమే లాభం, అది మీ ఇంటి లెక్క, మీకే బాగా తెలుసు.

గీజరు విషయంలో మాత్రం ఎవరు బాగుచేసినా మళ్లీ బాత్రూమ్ లోపల బిగించొద్దు. కంపెనీ సర్వీసు వాళ్లని పిలిచి సరిచేయించి, పెరట్లోకో వెనక వసారాలోకో మార్పించి, వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి ఇప్పించండి. పైపు పని కాబట్టి ఇక్కడ మావయ్యగారి చేతికి బోలెడు పని దొరుకుతుంది. దానికి వీలు లేకపోతే కరెంటు గీజరుకి మారండి, ఖర్చు కొంచెం ఎక్కువే, కానీ తలుపు వేసుకుని నిశ్చింతగా స్నానం చేయొచ్చు.

ఇక ఆయనతో మాట్లాడటం. "మీకు గ్యాస్ పని రాదు" అనే అర్థం వచ్చే మాట ఏ రూపంలోనూ వద్దు, "మెకానిక్‌ని పిలుద్దాం" అని మొదలుపెట్టడం కూడా వద్దు, ఆయన చెవికి రెండూ ఒకటే. పాప దగ్గర మొదలుపెట్టండి. "మావయ్యగారూ, పాపకి తలంటు రోజే తలనొప్పి వస్తోందండీ, గీజరు పైన మసి పట్టింది, దానివల్లేమోనని నాకు భయంగా ఉంది, అది బయటికి మార్చాలంటే ఎక్కడ పెడితే బావుంటుంది?" అని సలహా అడగండి. మనవరాలి మాట వచ్చాక పట్టుదలకి పోయే తాతయ్యని నేను పెద్దగా చూడలేదు. అది కుదిరాక ఇంకో పూట వాసన సంగతి, సబ్బు నీళ్ల సంగతి చెప్పండి, రెండూ ఒకే రోజు కుమ్మరించొద్దు. రెగ్యులేటర్ ఆపే పని మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు, మీ చేతిలో ఉన్నదే.

మీవారికి ఫోన్‌లో "భయంగా ఉంది" అని చెప్పకండి, ఆయన దాన్ని నగరం ఖాతాలో వేసేస్తున్నారు. టైల్స్ మీద మసి ఫొటో తీసి పంపండి, పాప ఏ రోజు ఏమందో రాసి పంపండి. కువైట్ నుంచి ఆయన చేయగలిగింది ఒక్కటుంది, వాళ్ల నాన్నకి తనే ఫోన్ చేసి "నాన్నా, గీజరు నువ్వు విప్పకు, కంపెనీ వాళ్లొచ్చినప్పుడు నువ్వు దగ్గరుండి చూసుకో, నువ్వుంటే నాకు ధైర్యం" అని చెప్పడం. కోడలు అంటే ఎదురుచెప్పినట్టుండే మాట కొడుకు అంటే అలా ఉండదు. ఆయన చెప్పనంటే మీ ఆడపడుచో, మావయ్యగారితో డిపోలో పనిచేసిన స్నేహితుడో ఉంటే వాళ్ల చేత చెప్పించండి.

ఎన్ని చెప్పినా ఆదివారం ఆయన స్పానర్ తీస్తే, గొడవ పడకుండా బండ దగ్గరికెళ్లి రెగ్యులేటర్ తీసేసి మూత బిగించి, పిల్లల్ని బయటికి పంపేయండి. విప్పడం ఆపలేకపోయినా, సర్వీసు మనిషి వచ్చి చూసేదాకా మళ్లీ గ్యాస్ ఇవ్వకుండా ఉండటం మీ వల్ల అవుతుంది, దానికోసం ఆయన ఒక పూట అలిగినా సరే.

గీజరు ఆపాక తలంటు రోజుల్లో పాప తలనొప్పి పోతే కారణం అదేనన్నట్టే. పోకపోతే కళ్లు చూపించండి, చదువుకునే పిల్ల కాబట్టి అదీ ఒక కారణం కావచ్చు. కొత్త పొయ్యి కొంటే పాతదాన్ని పనమ్మాయికో ఇంకెవరికో ఇచ్చేయొద్దు, కాక్‌లు పీకించి పాతసామాన్లవాడికి వేసేయండి.